ఇస్లామిక్ క్రెడిట్ కార్డుకి నిజంగా వడ్డీ ఉండదా? దుబాయ్ వెళ్లేముందు తెలుసుకుందామని

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. మా కంపెనీ నన్ను వచ్చే నెల దుబాయ్ ఆఫీసుకి పంపిస్తోంది. జీతం పడేది అక్కడి ఒక ఇస్లామిక్ బ్యాంకులో, అకౌంటుతో పాటే క్రెడిట్ కార్డు కూడా ఇస్తారట. హెచ్‌ఆర్ వాళ్లు పంపిన పీడీఎఫ్ రాత్రి షిఫ్టులో కూర్చుని మొత్తం చదివాను, ఎక్కడా వడ్డీ అన్న మాట కనిపించలేదు. లాభం రేటు, ఉజ్రా, తవర్రుక్, కవర్డ్ కార్డు, ఇవీ అందులో ఉన్నవి. టీమ్‌లో ఒకడేమో "వడ్డీ ఉండదు మామా, హాయిగా గీకు" అంటున్నాడు, ఇంకొకడు "పేరు మార్చిన వడ్డీనే, ఏం తేడా లేదు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఆ కార్డు వాడినవాళ్లు కాదు, అదీ సంగతి.

ఇక్కడ రెండు కార్డులున్నాయి, మామూలుగా బిల్లు ఫుల్లుగానే కట్టేస్తాను. కానీ అక్కడికెళ్లిన కొత్తలో ఇంటి అద్దెకి చెక్కులు, సామాన్లు, పైగా ఇంటికి పంపాల్సినవి, ఒకటి రెండు నెలలు మొత్తం కట్టలేకపోవచ్చు. అప్పుడు ఏమవుతుంది? నేను హిందువుని, నాకు ఇస్తారా, ఇచ్చినా ఎక్కడ పడితే అక్కడ వాడొచ్చా? చెల్లి పెళ్లికి బంగారం అక్కడే కొనాలని అమ్మ ఇప్పటినుంచే అంటోంది, దానికి ఈ కార్డు పనికొస్తుందా? ఇలాంటి కార్డు మన హైదరాబాద్‌లోనే దొరికితే ఇక్కడే తీసుకుని అలవాటు చేసుకునేవాణ్ణి. తెలిసినవాళ్లు చెప్పండి.

---

టోలీచౌకి_పాతకార్డు:

తమ్ముడూ, నేను గల్ఫ్‌లో బ్యాంకు కార్డుల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను. మామూలు కార్డులూ చూశాను, ఇస్లామిక్ కార్డులూ చూశాను. ముందు నీ చిన్న ప్రశ్న తేల్చేస్తా. హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. జీతం, వీసా, ఎమిరేట్స్ ఐడీ చూస్తారు, అంతే. అక్కడ ఇస్లామిక్ కార్డు వాడే మన తెలుగువాళ్లు బోలెడుమంది.

తేడా అర్థం కావాలంటే ముందు నీ దగ్గరున్న కార్డు ఎలా పనిచేస్తుందో చూడు. జూన్ 5న 40,000 గీకావనుకుందాం. 20న బిల్లు, జులై 10 ఆఖరు తేదీ. మినిమం 5 శాతం అంటే 2,000 కట్టి ఊరుకున్నావు. నెలకి మూడున్నర శాతం, అంటే మన ఊళ్లో చెప్పే లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకేంటంటే, వడ్డీ మిగిలిన 38,000 మీద జులై 10 నుంచి కాదు, మొత్తం 40,000 మీద కొన్న రోజునుంచే పడుతుంది. 35 రోజులకి దాదాపు 1,611. ఆ తర్వాత పది రోజులకి 38,000 మీద 437. దానిపైన 18 శాతం జీఎస్‌టీ ఇంకో 369. అంతా కలిపితే 2,417. నువ్వు కట్టింది రెండు వేలు, పడింది రెండువేల నాలుగొందల పైచిలుకు, తర్వాతి బిల్లులో అసలు 40,417 అని కనిపిస్తుంది. ఏమీ కొనకపోయినా! పైగా పాతది మొత్తం తీరేదాకా కొత్తగా గీకినవాటికి ఫ్రీ పీరియడ్ ఉండదు, కిరాణా కొన్నా ఆ రోజునుంచే వడ్డీ.

దీన్ని పట్టే ఊళ్లో వడ్డీ వ్యాపారి రెండు రూపాయలకిస్తే ధర్మవడ్డీ అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఇస్లామిక్ కార్డు. బ్యాంకు నీకు డబ్బు అప్పిచ్చి దానిమీద అదనంగా తీసుకుంటే అది రిబా, అంటే వడ్డీ, ఇస్లాంలో హరామ్ (నిషిద్ధం). అందుకని ఒప్పందాన్నే వేరేలా రాస్తారు. మూడు నాలుగు పద్ధతులున్నాయి, అన్నీ ఒకటి కాదు, "ఇస్లామిక్ కార్డు ఇలా ఉంటుంది" అని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నమ్మొద్దు.

ఉజ్రా పద్ధతిలో బ్యాంకు నీకిచ్చేది వడ్డీలేని అప్పు, మన చేబదులు లాంటిదే. సంపాదన మాత్రం సేవకి తీసుకునే ఫీజులోంచి, నెలకింత, ఏడాదికింత అని ముందే రాసుకుంటారు. నువ్వు బాకీ పడ్డది వెయ్యా పదివేలా అన్నదాంతో ఆ ఫీజు మారకూడదు, అదే అందులో ప్రాణం. ఇక్కడే నీలాంటివాడు లెక్క వేసుకోవాలి. నెలకి 150 దిర్హామ్‌లు ఫీజు అనుకో. పదివేలు బాకీ ఉంటే అది ఒకటిన్నర శాతం, బాగా చవక. వెయ్యి మాత్రమే బాకీ ఉంటే నూటికి పదిహేను రూపాయల వడ్డీ పడ్డట్టే. అంటే ఉజ్రా కార్డులో చిన్న బాకీ మోయడం దండగ. చిన్నదే మిగిలితే ఎవరి దగ్గరైనా సర్దుబాటు చేసుకుని కట్టేయ్.

తవర్రుక్ ఇంకో రకం. బ్యాంకు ఏదో లోహమో పామాయిలో కొని నీకు ఎక్కువ ధరకి అరువు మీద అమ్ముతుంది. నీ తరఫున ఏజెంటుగా అదే సరుకుని మూడో వ్యక్తికి నగదుకి అమ్మేసి, ఆ డబ్బు నీ కార్డు వెనక పెడుతుంది. ఆ సరుకుని నువ్వు కళ్లతో చూడవు, నీకు దక్కేది అప్లికేషన్‌లో ఒక సంతకం, ఫోన్‌లో ఒక మెసేజ్. నీ అప్పు ఇప్పుడు కొన్న సరుకు ధర, దానిమీద బ్యాంకుకి వచ్చేది అమ్మకం లాభం. గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చో మొదటి రోజే ఒప్పందంలో ఉంటుంది, నువ్వు ముందే కట్టేస్తే మిగతాది వదిలేస్తారు. నీ పీడీఎఫ్‌లో లాభం రేటు, తవర్రుక్ రెండూ ఉన్నాయన్నావు కాబట్టి నీకిచ్చేది బహుశా ఈ రకమే.

"కవర్డ్ కార్డు" అని చూసి కంగారుపడకు. అబుదాబి ఇస్లామిక్ బ్యాంకు, దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు లాంటివి తమ కార్డులని ఆ పేరుతోనే పిలుస్తాయి.

ఇక ఆలస్యం అయితే. మామూలు బ్యాంకులో లేట్ ఫీజు బ్యాంకు జేబులోకి పోతుంది. ఇస్లామిక్ బ్యాంకు ఆ డబ్బుని ఆదాయంగా వేసుకోకూడదు, అసలు ఖర్చులేమైనా ఉంటే మినహాయించి షరియా (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) బోర్డు చూపించిన ధర్మకార్యాలకి ఇవ్వాలి. నీ జేబులోంచి పోయేది పోతుందిలే, నీకేం తిరిగి రాదు. కానీ ఆ లేట్ ఫీజుతో బ్యాంకుకి కలిసొచ్చేదేమీ లేదు, అది చిన్న విషయం కాదు.

ఏటీఎమ్‌లో క్యాష్ తీసుకుంటే కూడా తేడా ఉంది. షరియా ప్రమాణం ప్రకారం తీసిన మొత్తంలో ఇంత శాతం అని ఫీజు వేయకూడదు, ఒకే మొత్తంగా ఉండాలి. మామూలు కార్డులో శాతమూ వేస్తారు, ఆ రోజునుంచే వడ్డీ కూడా మొదలు.

వాడకం విషయం. బార్లు, మందు షాపులు, జూదం ఉన్నచోట కార్డు పనిచేయదు. ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడ్ ఉంటుంది, బార్లకి 5813, మందు షాపులకి 5921, జూదానికి 7995, ఇవి బ్యాంకు దగ్గరే బ్లాక్. మామూలు హోటల్‌కి 5812, బిర్యానీకి ఇబ్బంది లేదు.

---

ఉన్నమాటంటా:

అన్నా బాగా రాశారు కానీ కొంచెం తియ్యగా చెప్పారు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి. దుబాయ్‌లో తవర్రుక్ కార్డుల లాభం రేటు చూడండి, నెలకి మూడు శాతం అటూ ఇటూనే, పక్క వీధిలో మామూలు బ్యాంకు వడ్డీ కూడా అంతే. ఫుల్లుగా కడితే లాభం మాఫీ, కట్టకపోతే లాభం పడుతుంది. దాన్ని మా అమ్మమ్మ వడ్డీ అనే అంటుంది. పామాయిల్ ఎవరు కొన్నారు ఎవరు అమ్మారు అనేది స్క్రీన్ మీద జరిగే తంతు, సరుకు గోడౌన్‌లోంచి అంగుళం కదలదు. నేనేం మతాన్ని అనట్లేదు, బ్యాంకులని అంటున్నాను. బ్యాంకు ఏ బోర్డు పెట్టుకున్నా బ్యాంకే.

మాదాపూర్ భాయ్, ఒక్క మాట: ఫుల్లుగా కడితే రెండు కార్డులూ నీ జేబుకి ఒకటే. రెండిట్లోనూ షాపు ఇచ్చే కమిషన్ బ్యాంకుకి పోతుంది. ఎక్కువ క్యాష్‌బ్యాక్ ఏది ఇస్తే అది తీసుకో.

---

మలక్‌పేట_లెక్కలు:

పైన అన్నగారు చెప్పింది పద్ధతి, ఉన్నమాటంటా గారు చెప్పింది జేబు లెక్క. నేను సీఏ చేస్తున్నాను, ముస్లింని కూడా, కాబట్టి మధ్యలో మిగిలిపోయింది చెప్తాను.

ఉన్నమాటంటా గారూ, మీ అనుమానం మీ ఒక్కరిదే కాదండీ, ఇస్లామిక్ పండితులకే ఉంది. ఓఐసీ (ముస్లిం దేశాల కూటమి) ఫిఖ్ అకాడమీ అని అన్ని దేశాల ఉలమాలు, అంటే మతపండితులు, కూర్చునే సంస్థ ఉంది. బ్యాంకే రెండు వైపులా నిలబడి నడిపించే తవర్రుక్ చెల్లదని అది 2009లో షార్జా సమావేశంలో తీర్మానం చేసింది, కారణం దాదాపు మీరు చెప్పిందే, సరుకు పేరుకి మాత్రమే ఉంది, జరిగేది డబ్బుకి డబ్బు అని. బహ్రెయిన్‌లో ఉన్న ఆయోఫీ అనే ప్రమాణాల సంస్థ మాత్రం గట్టి షరతులు పెట్టి ఒప్పుకుంది. యూఏఈలో సెంట్రల్ బ్యాంకు కింద ఉన్న హయ్యర్ షరియా అథారిటీ 2018 నుంచి ఇస్లామిక్ బ్యాంకులన్నీ ఆయోఫీ ప్రమాణాలే పాటించాలని పెట్టింది, అందుకే దుబాయ్‌లో ఆ కార్డులు నడుస్తున్నాయి. మలేసియాలో అయితే మొదట్లో వచ్చిన కార్డులు బై అల్ ఇనా అనే పద్ధతి మీద నడిచాయి, బ్యాంకు ఒక వస్తువు మీకే అమ్మి మీ దగ్గరే మళ్లీ కొనేస్తుంది, గల్ఫ్ పండితులు దాన్ని ససేమిరా అన్నారు. అంటే "ఇస్లామిక్" అన్న ముద్ర ఒక్కటే ఉన్నా దాని వెనక ఇంత తగాదా ఉంది.

కానీ "ఫుల్లుగా కడితే రెండూ ఒకటే" అన్నది ఒక ముస్లింకి సరిపోదు. అదే అకాడమీ 2000లో రియాద్‌లో చేసిన 108వ తీర్మానం ఏం చెప్పిందంటే, వడ్డీ షరతు ఉన్న కార్డు తీసుకోవడమే కూడదు, నేను గడువులోపే కట్టేస్తాను, పైసా వడ్డీ పడనివ్వను అనుకున్నా సరే. ఎందుకంటే "ఆలస్యమైతే వడ్డీ ఇస్తాను" అని సంతకం పెట్టారు కదా, తప్పు ఆ ఒప్పుకోవడంలోనే ఉంది. డబ్బు లెక్కలో సున్నా తేడా, దీన్ (మతధర్మం) లెక్కలో అదే అసలు తేడా. మీరు పట్టించుకోనక్కర్లేదు, పట్టించుకునేవాళ్లకి మాత్రం ఉజ్రా కార్డో కవర్డ్ కార్డో ఎందుకు కావాలో ఇక్కడ ఉంది. మన దగ్గర ఉలమాల్లో కూడా ఒకే మాట లేదు, వేరే దారి లేనప్పుడు ఆటోపే పెట్టుకుని మొత్తం కట్టేటట్టయితే వాడుకోవచ్చని కొందరు, అదీ వద్దని కొందరు. మా ఇంట్లో నాన్నది రెండోదారి, డెబిట్ కార్డు, యూపీఐ, అంతే.

హైదరాబాద్‌లో దొరుకుతుందా అన్నారు. దొరకదండీ, ఇండియాలో ఎక్కడా దొరకదు. చార్మినార్ దగ్గరైనా బంజారాహిల్స్‌లోనైనా "షరియా క్రెడిట్ కార్డు ఇప్పిస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఎవరైనా అంటే పరుగే. 1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం బ్యాంకు సరుకులు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు, పైన చెప్పిన తవర్రుక్ లాంటివన్నీ అక్కడే ఆగిపోతాయి. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్ గురించి ఆలోచించమని రాసింది, తర్వాత రిజర్వు బ్యాంకులో ఒక అంతర్గత బృందం ఇస్లామిక్ విండో పెట్టొచ్చని కూడా చెప్పింది. చివరికి 2017లో ఒక ఆర్‌టీఐ జవాబులో, ఆ ప్రతిపాదనని ముందుకి తీసుకెళ్లట్లేదని, అందరికీ బ్యాంకింగ్ సేవలు సమానంగా అందుబాటులో ఉన్నాయని చెప్పేశారు. నాకైతే ఆ కారణం అంత అతకలేదు, అది వేరే చర్చ.

మన నగరంలో బంగారం కుదవపెట్టుకుని వడ్డీ లేకుండా అప్పిచ్చే బైతుల్‌మాల్‌లు ఉన్నాయి, అవి పనికొచ్చేవే, కానీ అవి కార్డులు కావు. హలాల్ అన్న మాట వినగానే నమ్మేసి డిపాజిట్లు కట్టినవాళ్ల గతి ఏమైందో హీరా గ్రూప్, ఐఎంఏ కేసుల్లో మన హైదరాబాద్, బెంగళూరు జనానికి బాగా తెలుసు. మా కాలనీలోనే ఉన్నారు.

ఇంకో సంగతి, ఇక్కడి కార్డు మీద "నో కాస్ట్ ఈఎంఐ" అనేది చూసి వడ్డీ లేదనుకునేవాళ్లున్నారు. రిజర్వు బ్యాంకు 2013లోనే జీరో శాతం వడ్డీ అనేదేమీ లేదని సర్క్యులర్ ఇచ్చింది. వడ్డీ ఉంటుంది, షాపువాళ్లు అంత డిస్కౌంట్ ఇచ్చి సర్దుతారు, ఆ వడ్డీ మీద జీఎస్‌టీ మాత్రం మీ బిల్లులో పడుతుంది. స్టేట్‌మెంట్ ఒకసారి తీసి చూడండి, విడిగా రాసి ఉంటుంది.

అన్నట్టు, కార్డు వడ్డీకి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పుని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి పైన అన్నగారు వేసిన 42 శాతం లెక్క ఇక్కడ చట్టబద్ధమే.

---

ఉన్నమాటంటా:

108వ తీర్మానం సంగతి నాకు కొత్త. సంతకంలోనే తప్పు అనే వాదన అర్థమైంది, ఒప్పుకుంటానా అంటే వేరే మాట. పామాయిల్ విషయంలో మాత్రం అకాడమీ నా పార్టీయే 😄

---

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పీడీఎఫ్ మళ్లీ తీశాను. తవర్రుక్ అనే ఉంది. లాభం నెలకి 3.25 శాతం, మొత్తం కడితే మాఫీ. ఆలస్యానికి 200 దిర్హామ్‌లు, "ఛారిటీకి జమ" అని పక్కనే రాశారు. మినిమం 5 శాతం. మరి మామూలు బ్యాంకు కార్డు కూడా అక్కడ అంతే రేటు అయితే, నేను ఆరు నెలలు బాకీ మోసినా తేడా ఏమీ ఉండదా? బంగారం గురించి ఎవరూ చెప్పలేదు.

---

టోలీచౌకి_పాతకార్డు:

ఉన్నా, నువ్వు ఊహించినంత కాదు. 8,000 దిర్హామ్‌లు బాకీ అనుకో, రెండిట్లోనూ నెలకి 3.25. మామూలు కార్డులో చక్రవడ్డీ పడుతుందనుకో, అంటే పోయిన నెల వడ్డీ మీద కూడా వడ్డీ. ఆరు నెలలు ఏమీ కట్టలేదనుకుంటే 9,692 అవుతుంది. ఇస్లామిక్ కార్డులో లాభం మీద లాభం వేయకూడదు, బారువడ్డీ లెక్కలా ఉంటుంది, 8,000 మీద నెలకి 260 చొప్పున ఆరు నెలలకి 1,560, మొత్తం 9,560. తేడా 132 దిర్హామ్‌లు. ఫైన్లు పక్కన పెట్టి చెప్తున్నా. ఏడాది రెండేళ్లు సాగదీస్తే ఆ తేడా పెరుగుతుంది, కానీ నెలకి 260 పోతుంటే 132 మిగిలిందని సంబరపడేది ఏముంది? ఉన్నమాటంటా అన్న మాటలో ఆ మేరకు నిజం ఉంది, జీతగాడికి రెండూ ఖరీదైన అప్పులే.

కాబట్టి మొదటి రెండు నెలలు కష్టమనిపిస్తే కార్డు మీద మోయకు. ఆఫీసులో జీతం అడ్వాన్సు అడుగు, కొత్తగా వచ్చినవాళ్లకి చాలా కంపెనీలు ఇస్తాయి. అది కుదరకపోతే అదే బ్యాంకులో పర్సనల్ ఫైనాన్స్, ఆ లాభం రేటు కార్డు రేటుకి దగ్గరలో కూడా ఉండదు, చాలా తక్కువ. కార్డు ఎప్పుడూ రోజువారీ ఖర్చుకే.

కార్డుతో పాటు "మీ బాకీకి రక్షణ" అని నెలనెలా కొంత కోసే తకాఫుల్ (ఇస్లామిక్ పద్ధతి బీమా) ఒకటి అంటగడతారు. మామూలు బ్యాంకుల్లో క్రెడిట్ షీల్డ్ అంటారే, దాని అన్న. ఫోన్‌లో "యెస్" అన్నా చాలు మొదలైపోతుంది. వద్దనుకుంటే మొదట్లోనే వద్దని మెయిల్ రాయి, ఫోన్‌లో చెప్పి వదిలేయకు.

బంగారం విషయం కొంచెం తమాషాగా ఉంటుంది. షరియాలో బంగారం, వెండి, కరెన్సీ చేతికి చేయి మారాలి, అరువు ఉండకూడదు. అందుకే మలక్‌పేట చెల్లెమ్మ చెప్పిన ఆ 108వ తీర్మానం అకౌంటులో డబ్బు లేకుండా గీకే కార్డుతో బంగారం కొనొద్దంది. ఆయోఫీ మాత్రం షాపుకి డబ్బు వెంటనే అందే ఏర్పాటు ఉంటే కార్డుతో కొనొచ్చంది. నీకు ఆ పట్టింపు లేదనుకో, దుబాయ్ బంగారం బజారు డేరా గోల్డ్ సూక్‌లో నీ కార్డు గీకితే మామూలుగా పనిచేస్తుంది, కానీ మజూరీ దగ్గర బేరం ఆడేటప్పుడు డెబిట్ కార్డుకి ఒక ధర, క్రెడిట్ కార్డుకి ఒక ధర చెప్పే షాపులుంటాయి. ముందు ధర మాట్లాడుకుని చివర్లో ఎలా కడతావో చెప్పు. అన్నిటికంటే ముఖ్యం, బంగారాన్ని ఈఎంఐలోకి మార్చమని ఫోన్ వస్తే పెట్టేయ్.

---

మలక్‌పేట_లెక్కలు:

అన్నగారు చెప్పిన లెక్క సరిగ్గా ఉంది, చూశాను. ఒక్కటి కలుపుతాను. "లాభం రేటు నెలకి" అన్నది ఎప్పుడూ పన్నెండుతో గుణించి చూడండి. 3.25 ఇంటూ 12 అంటే ఏడాదికి 39. నెలకి రాస్తే చిన్నగా కనిపిస్తుంది, అందుకే అలా రాస్తారు, ఇస్లామిక్ బ్యాంకైనా కాకపోయినా. వీలైతే ఫుల్ బిల్లు ఆటో డెబిట్ పెట్టించండి, ఫామ్‌లో మినిమం, ఫుల్ అని రెండు గళ్లుంటాయి, సేల్స్ వాళ్లు చాలాసార్లు మినిమం దగ్గర టిక్ పెట్టి ఇస్తారు.

---

నిజామాబాద్_రిటర్న్:

తమ్మీ, కార్డు ఇస్లామిక్‌దా కాదా అనే దానికన్నా నాకు వేరేది ముఖ్యం అనిపిస్తుంది. నేను గల్ఫ్‌కి పోయి వచ్చినోణ్ణి, మా ఊరోళ్లు ఇప్పటికీ సగం మంది అక్కడే. బాకీ పెట్టి వచ్చేసినోళ్ల కష్టాలు కళ్లారా చూసినా. బ్యాంకు పేరు ముందు ఏమున్నా, ఎగ్గొడితే కేసు కేసే. ప్రయాణ నిషేధం పడితే ఎయిర్‌పోర్టులో ఆపేస్తరు. ఇస్లామిక్ బ్యాంకు కదా, దయతో వదిలేస్తది అనుకునేటోళ్లు ఉన్నరు. నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నోళ్లకి గడువు ఇవ్వమని ఖురాన్‌లో ఉన్నది, అడిగితే వాయిదాలు మార్చిన బ్యాంకులు ఉన్నయి కూడా, కానీ నువ్వు పోయి అడగాలె, ఫోన్ ఎత్తకుండా కూర్చుంటే కాదు.

అక్కడ అల్ ఇతిహాద్ క్రెడిట్ బ్యూరో అని ఉంటది, మన సిబిల్ లెక్కనే, స్కోరు 300 నుంచి 900. ఇస్లామిక్ కార్డు బాకీ కూడా అందులో ఎక్కుతది. నీ నెల జీతంలో సగానికి మించి అప్పుల వాయిదాలకి పోకూడదని సెంట్రల్ బ్యాంకు రూల్ ఉంది. కార్డు తీసుకునేటప్పుడే లిమిట్ తక్కువ పెట్టించుకో, ఎక్కువ లిమిట్ ఇస్తం అని ఎంబడి పడతరు. తర్వాత ఇంకో అప్పు కావాలంటే ఆ లిమిట్‌నే అడ్డం పెడతరు, నువ్వు వాడినా వాడకపోయినా.

సెక్యూరిటీ చెక్కు అడిగితే కాపీ తీసి పెట్టుకో. ఉద్యోగం మారినా, వాపస్ వచ్చేసినా, ముందు కార్డు మూసెయ్. మూసినంక బాకీ ఏమీ లేదని నో లయబిలిటీ లెటరో క్లియరెన్స్ లెటరో కాగితం మీద తీసుకో, చెక్కు వాపస్ అడుగు. కార్డు కట్ చేసి డస్ట్‌బిన్‌లో వేస్తే మూసినట్టు కాదు, ఏడాది ఫీజు పడుతూనే ఉంటది. మా దోస్తు ఒకడు పది దిర్హామ్‌ల బాకీ మరిచిపోయి ఇంటికొచ్చిండు, మళ్లీ వీసాకి పోయేనాటికి అది వేలల్లో ఉన్నది.

---

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

అన్నా, ఆ చివరిది చదివి కొంచెం టెన్షన్ వచ్చింది కానీ ముందే తెలియడం నయం. తీసుకుంటాను, లిమిట్ ఒక నెల జీతానికి మించకుండా అడుగుతాను, ఫుల్ ఆటో డెబిట్. తకాఫుల్ వద్దని మెయిల్ ఇప్పుడే రాసిపెట్టుకున్నాను. బంగారం డెబిట్ కార్డుతోనే అని అమ్మకి చెప్పేశాను. ఒక్క చిన్న డౌట్, ఈ కార్డుని సెలవుకి హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడ గీకితే?

---

టోలీచౌకి_పాతకార్డు:

పనిచేస్తుంది, వీసానో మాస్టర్‌కార్డో కదా. కానీ రూపాయల ఖర్చుని దిర్హామ్‌లకి మార్చి, పైన విదేశీ లావాదేవీ ఫీజు వేస్తారు. మెషీన్ మీద "దిర్హామ్‌లలో కడతారా, రూపాయల్లోనా" అని అడిగితే రూపాయలే నొక్కు, దిర్హామ్‌లు నొక్కితే మార్పిడి రేటు షాపువైపు మెషీన్ నిర్ణయిస్తుంది, అది ఎప్పుడూ నీకు నష్టమే. ఇక్కడ ఉన్నన్ని రోజులూ నీ పాత యూపీఐ వాడుకో, దుబాయ్ కార్డు సంచిలోనే ఉండనీ.